సిరొంచలో ఇల్లు, హైదరాబాద్‌లో సీటు: చెల్లి ఇంజనీరింగ్ ఫీజుకు ఏ రాష్ట్రం సాయం చేస్తుంది?

సిరొంచ_అక్క
అందరికీ నమస్తే. మా చెల్లి ఈసారి బారావీ (పన్నెండో తరగతి) సైన్స్ పాసైంది. మహారాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీలో 71 పర్సంటైల్ వచ్చింది. నాన్నకు కొంచెం మిర్చి, కొంచెం పత్తి, అంతే. ఆదాయ దాఖలా (సర్టిఫికెట్) మీద ఏడాదికి లక్షా పది వేలని ఉంది. మాది ఓబీసీ. నాన్నకూ నాకూ మహారాష్ట్ర కుల దాఖలా ఉంది, చెల్లిది ఇంకా తీయలేదు.

ఒకాయన ఈమధ్య మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. హైదరాబాద్ శివార్లలో ఏదో కాలేజీ, కంప్యూటర్ సైన్స్ సీటు ఖాయం అంటున్నాడు. "మీరూ తెలుగోళ్ళే కదా, తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్ నేను చేయిస్తా, ఇప్పుడు 40 వేలు కట్టి ఒరిజినల్స్ నా చేతికివ్వండి" అన్నాడు. నాన్న సగం ఒప్పేసుకున్నారు. ఆయన ఆలోచనా తప్పని అనలేను. వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడి నుంచి హైదరాబాద్‌కి తెలుగే. గడ్చిరోలి పోవాలంటే 200 కిలోమీటర్ల పైనే, అదీ ఆ ఆలాపల్లి రోడ్డు మీద. ఆడపిల్లను ఎటు పంపాలన్నా భయమే.

నాకు తెలియాల్సింది ఒకటే. మహారాష్ట్ర దాఖలాలున్న పిల్లకు తెలంగాణ ప్రభుత్వం ఫీజు కడుతుందా? ఈ ఆదివారం లోపు ఆయనకు ఏదో ఒకటి చెప్పాలి.

మంచిర్యాల_బ్యాచ్
కట్టదు అక్కా. నేను ఇటువైపు వాణ్ణి, రీయింబర్స్‌మెంట్ మీదే బీటెక్ పూర్తి చేశా. అది తెలంగాణ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో వస్తుంది. తెలంగాణ నివాసి అయ్యుండాలి. మీసేవలో తీసిన కుల, ఆదాయ సర్టిఫికెట్లు కావాలి. ఇక్కడ చదివిన స్కూలు సర్టిఫికెట్లు పెట్టాలి. మీ చెల్లి స్కూలంతా సిరొంచలోనే కదా.

ఇంకో మాట. సీటు "ఖాయం" అంటున్నాడంటే అది మేనేజ్‌మెంట్ కోటా. ఆ కోటాలో చేరితే తెలంగాణ పిల్లలకే రీయింబర్స్‌మెంట్ రాదు, ఇక బయటి రాష్ట్రం వాళ్ళ సంగతి అడగక్కర్లేదు. ఎంసెట్ రాసి కన్వీనర్ కోటాలో చేరిన మా బీసీ పిల్లలకు కూడా ర్యాంకు పదివేలు దాటితే ఇచ్చేది 35 వేలే, పైది ఇంట్లో కట్టుకోవాలి. అదన్నా టైముకి వస్తుందా అంటే లేదు. బకాయిలు ఇవ్వలేదని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఫీజు బాకీ ఉందని మెమోలు ఆపేస్తే ఉద్యోగానికి వెళ్ళలేక ఇబ్బంది పడ్డ వాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు.

ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. కాలేజీలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కాలేజీకే ఆ హక్కు లేనప్పుడు మధ్యవర్తికి ఎక్కడిది?

రాజురా_కాపు
అంతా నిజమే కానీ నాన్నగారి వైపు నుంచి కూడా చూడండి. మా అబ్బాయిని నాగపూర్‌లో వేశాం. మొదటి ఏడాది హాస్టల్లో వాడి బాధ చూడలేకపోయాం. మరాఠీ వచ్చినా వీడి యాస విని ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. హైదరాబాద్ అయితే ఆ బాధ ఉండదు. ఫీజు కొంచెం ఎక్కువైనా పిల్ల నిశ్చింతగా చదువుకుంటుంది కదా.

ధర్మాబాద్_మిర్చియార్డు
రాజురా అన్నా, ఆ "కొంచెం ఎక్కువ" ఎంతో ఒకసారి లెక్క చూద్దాం. ఇది ఆడపిల్ల, ఓబీసీ, ఆదాయం లక్షా పది వేలు. ఈ మూడూ ఉన్న పిల్లకు మహారాష్ట్రలో ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ.

2024 జులై 8న జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చింది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవారు), ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడినవారు), ఓబీసీ ఆడపిల్లలు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు. వృత్తి కోర్సుల్లో ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు రెండూ నూటికి నూరు శాతం ప్రభుత్వమే కడుతుంది. అంతకుముందు ఇది సగమే ఉండేది. గవర్నమెంటు కాలేజీ, ఎయిడెడ్ కాలేజీ, ప్రైవేటు అన్‌ఎయిడెడ్ కాలేజీ, అన్నిటికీ వర్తిస్తుంది. డీమ్డ్ యూనివర్సిటీలకు, సొంత ఫండ్ మీద నడిచే ప్రైవేటు యూనివర్సిటీలకు వర్తించదు. కాలేజీ పేరు చివర యూనివర్సిటీ అని కనిపిస్తే ముందు అది ఏ రకమో కనుక్కోండి.

అసలు షరతు ఇంకోటుంది. సీటు క్యాప్ రౌండ్‌లో రావాలి, అంటే సీఈటీ సెల్ కౌన్సెలింగ్‌లో. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఇక్కడ కూడా పైసా రాదు. సిరొంచ అక్కా, చెల్లి క్యాప్ రిజిస్ట్రేషన్ చేసిందా? చేయకపోతే ఆదివారం దాకా ఎందుకు, రేపే చేయించండి. ఆయనకు ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

సిరొంచ_అక్క
రిజిస్ట్రేషన్ చేయలేదు అన్నా. కుల దాఖలా, నాన్ క్రీమీ లేయర్ లేకుండా ఓపెన్‌లో చేయాలేమో, తర్వాత మార్చడానికి కుదరదేమో అని ఆగాం. 71 పర్సంటైల్‌కి మంచి కాలేజీ ఏం వస్తుందిలే అని కూడా అనుకున్నాం.

ధర్మాబాద్_మిర్చియార్డు
చంద్రపూర్, నాగపూర్ చుట్టుపక్కల కాలేజీలు ఆప్షన్ ఫారంలో వరసగా పెట్టండి. సీట్లు ఉంటాయి. కంప్యూటర్ సైన్సే కావాలని పట్టుబట్టకపోతే సివిల్‌కో ఎలక్ట్రికల్‌కో ఇంకా మెరుగైన కాలేజీ దొరకొచ్చు. ప్రతి కాలేజీకి ఫీజు నియంత్రణ ప్రాధికరణ, ఎఫ్ఆర్ఏ అంటాం, ఫీజు ఖరారు చేసి వాళ్ళ సైట్‌లో పెడుతుంది. అడ్మిషన్ కౌంటర్‌లో చెప్పే అంకె కాకుండా ఆ అంకె చూసుకుని పోండి.

మాఫీ అయ్యేది ట్యూషన్, పరీక్ష ఫీజులే. డెవలప్‌మెంట్ ఫీజు, హాస్టల్, మెస్, పుస్తకాలు ఇంట్లోంచే పోవాలి. పైసా లేకుండా చదువు అయిపోతుందని నాన్నగారికి చెప్పి ఆశ పెట్టకండి.

కిన్వట్_మాస్టారు
నేను రిటైర్డ్ టీచర్ని. నా సర్వీసులో ఫీజు లేక ఆగిన పిల్లల కంటే కాగితం లేక ఆగిన పిల్లలే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కుల దాఖలా చేతికొస్తే మహారాష్ట్రలో పని సగమే అయినట్టు. దాని మీద వ్యాలిడిటీ కావాలి, జాత్ పడతాళణి అంటారు. 2000 నాటి కుల ధ్రువీకరణ చట్టం కింద జిల్లా కమిటీ ఆ దాఖలా నిజమా కాదా అని పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్ అది. వృత్తి కోర్సులో రిజర్వేషన్ సీటు తీసుకోవాలంటే అది అడుగుతారు. ఎస్టీలకు కమిటీ వేరు, గిరిజన శాఖ కిందిది.

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి. ఓబీసీ అయితే 1967 అక్టోబరు 13కు ముందు నుంచి, ఎస్సీ అయితే 1950 ఆగస్టు 10కి ముందు నుంచి, ఎస్టీ అయితే 1950 సెప్టెంబరు 6కు ముందు నుంచి మీ వంశం ఈ రాష్ట్రపు నేల మీద ఉందని చూపించాలి. తాతదో ముత్తాతదో స్కూలు ప్రవేశ రిజిస్టర్ నకలు, భూమి పత్రం, జనన మరణ నమోదు, అందులో కులం పేరు రాసి ఉండాలి. కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనివి. ఆనాటి కాగితాలు చాలా చోట్ల ఉర్దూలో ఉంటాయి. నకలు తీసుకుంటే చాలదు, అనువాదం చేయించి జత చేయాలి. సిరొంచ పరిస్థితి వేరు. అది బ్రిటిష్ వాళ్ళ మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) పాలనలో చాందా జిల్లాలో ఉండేది. మీ పాత రికార్డు నిజాం వైపు వెతక్కండి, తహసీల్ రికార్డు రూంలో వెతకండి.

సిరొంచ అమ్మాయీ, మీ ఇంట్లో తండ్రి వైపు ఎవరికైనా వ్యాలిడిటీ ఇప్పటికే వచ్చిందా? పెదనాన్న, చిన్నాన్న, వాళ్ళ పిల్లలు? ఉంటే మీ చెల్లి ఫైలుకు అంతకంటే గట్టి కాగితం లేదు. వంశవృక్షం అఫిడవిట్‌తో కలిపి పెట్టండి.

సిరొంచ_అక్క
మా పెదనాన్న కొడుక్కి ఉంది మాస్టారూ! ఫారెస్ట్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు తీసుకున్నాడు. ఇంత పనికొస్తుందని మాకెవరూ చెప్పలేదు. కానీ వ్యాలిడిటీకి నెలలు పడుతుందట కదా? క్యాప్ అప్పటికే అయిపోతుంది.

కిన్వట్_మాస్టారు
దరఖాస్తు చేసిన రసీదు చూపించి సీటు తీసుకుని, సర్టిఫికెట్ తర్వాత సమర్పించే వెసులుబాటు ప్రభుత్వం గత సంవత్సరాల్లో ఇచ్చింది. గడువులోపు ఇవ్వకపోతే ఆ సీటు ఓపెన్‌లోకి పోతుంది, ఫీజు మాఫీ కూడా దాంతోపాటే పోతుంది. అందుకని రసీదు తీసుకుని కూర్చోకుండా కమిటీ ఆఫీసుకు వెళ్ళి ఫైలు ఎక్కడుందో అడుగుతూ ఉండాలి. ఈ వారంలో చేయాల్సింది ఇది: సేతు కేంద్రంలో (మీసేవ లాంటిది) చెల్లి పేరు మీద కుల దాఖలా, నాన్ క్రీమీ లేయర్, డొమిసైల్ (నివాస ధ్రువీకరణ) మూడూ ఒకేసారి పెట్టండి. ముగ్గురు గుమాస్తాల చేతులు మారాలి, ఒక్కోదానికి విడిగా తిరిగితే జులై దాటుతుంది.

స్కూలు దాఖలాలో పేరు స్పెల్లింగు, ఆధార్‌లో పేరు, పదో తరగతి మార్కుల మెమోలో పేరు ఒక్కలా ఉన్నాయా చూడండి. మన ఇంటిపేర్లను మరాఠీ టీచర్లు చివర "వార్" తగిలించి రాస్తారు. అన్నది ఒకలా, చెల్లిది ఒకలా ఉంటుంది. వ్యాలిడిటీ కమిటీ ముందు ఇద్దరూ ఒకే వంశం కాదనిపించేలా ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒక పిల్ల విషయంలో తాత ఇంటిపేరుకు "వార్" లేదు, తండ్రికి ఉంది, పిల్లకు మళ్ళీ లేదు. గెజెట్‌లో పేరు మార్పు వేయించి, అఫిడవిట్ పెట్టి, మూడు తరాలను ఒక కాగితం మీదికి తేవడానికి ఆ ఏడాది వానాకాలం మొత్తం పట్టింది. ఆ పిల్ల ఇప్పుడు నర్సు.

బల్లార్షా_కాలనీ
మాస్టారూ, మాలాంటి వాళ్ళ సంగతేంటి? మా నాన్న పేపర్ మిల్లులో పనికి కరీంనగర్ నుంచి వచ్చింది 1978లో. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను. అక్కడ బీసీ, ఇక్కడ ఏ కాగితమూ లేదు. తమ్ముడికి ఈ ఏడు డిప్లొమా అయిపోయింది, డైరెక్ట్ సెకండియర్‌లో చేరాలి.

కిన్వట్_మాస్టారు
కుల జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. పేరు రెండు చోట్లా ఒకటే ఉన్నా 1967 తర్వాత వచ్చిన కుటుంబానికి ఇక్కడ ఓబీసీ ప్రయోజనం రాదు. ఇది మన వాళ్ళకు అన్యాయంగానే అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. తెలంగాణ వాళ్ళేమో ఇక్కడ చదివావు కాబట్టి నువ్వు మా వాడివి కాదంటారు. రెండు వైపులా తలుపులు మూసినట్టే ఉంటుంది. అయినా తమ్ముడికి దారి ఉంది, మిర్చియార్డు తమ్ముడు చెప్తాడు.

ధర్మాబాద్_మిర్చియార్డు
రాజర్షి శాహూ మహారాజ్ శిష్యవృత్తి, అంటే స్కాలర్‌షిప్. మహారాష్ట్ర స్కాలర్‌షిప్‌లుండే మహాడీబీటీ పోర్టల్‌లోనే ఉంటుంది. ఓపెన్ కేటగిరీ, మహారాష్ట్ర డొమిసైల్, ఆదాయం 8 లక్షల లోపు, సీటు క్యాప్‌లో రావాలి. ట్యూషన్ ఫీజులో సగం వస్తుంది. ఇంట్లో మొదటి ఇద్దరు పిల్లలకే. డొమిసైల్‌కు 15 ఏళ్ళ నివాసం చాలు, ఇక్కడే పుట్టిన వాడికి అది సులువే.

దాంతోపాటు టీఎఫ్‌డబ్ల్యూఎస్ కూడా అడగండి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) గుర్తింపు ఉన్న కాలేజీల్లో సీట్లకు అదనంగా 5 శాతం పెట్టి, వాటిలో చేరిన వాళ్ళకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేస్తారు. దీనికి కులం అవసరం లేదు, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు. మెరిట్ మీద ఇస్తారు కాబట్టి డిప్లొమాలో మార్కులు బాగుంటే తమ్ముడు తప్పకుండా ఆ ఆప్షన్ పెట్టాలి. ఒకసారి తీసుకున్నాక బ్రాంచి మారడానికి వీల్లేదు, అది ముందే ఆలోచించుకోవాలి.

నాన్నగారికి కార్మికుడిగా రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ వసతిగృహ నిర్వాహ భత్తా కూడా చూడండి. హాస్టల్ ఖర్చుకు ఇస్తారు. చిన్న రైతు పిల్లలకూ ఇస్తారు.

అహేరి_తమ్ముడు
ఎస్టీ పిల్లలు కూడా ఈ చర్చ చదువుతుంటే వాళ్ళ కోసం. నేను కోయ. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మీద నాగపూర్‌లో చదువుతున్నా. ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. గవర్నమెంట్ హాస్టల్లో సీటు రాలేదు. అప్పుడు స్వయం యోజన పెట్టుకున్నా. నాగపూర్ లాంటి పెద్ద ఊళ్ళో ఏడాదికి 60 వేలు, మిగతా కార్పొరేషన్ ఊళ్ళలో 51 వేలు, జిల్లా కేంద్రంలో 43 వేలు ఇస్తారు. ఎస్సీ వాళ్ళకు ఇదే పద్ధతిలో స్వాధార్ ఉంది. హాస్టల్‌కి దరఖాస్తు పెట్టకుండా నేరుగా ఇది అడిగితే ఇవ్వరు. హాస్టల్ రాలేదని తేలాక ఇది.

పోస్ట్ మెట్రిక్ గురించి ఒకటి తెలుసుకోండి. ఎస్సీ, ఎస్టీ పిల్లలు వేరే రాష్ట్రంలో చదివినా దాన్ని సొంత రాష్ట్రమే ఇస్తుంది. మావాడు ఒకడు వరంగల్‌లో చదువుతూ దరఖాస్తు ఇటు పెట్టుకున్నాడు. ఓబీసీలకు మహారాష్ట్ర ఇచ్చే ఫీజు మాఫీ మాత్రం రాష్ట్రం దాటదు.

కొత్త_సభ్యుడు
ఓబీసీలకు హాస్టల్ డబ్బులు ఏమీ లేవా?

అహేరి_తమ్ముడు
ఉంది. జ్ఞానజ్యోతి సావిత్రీబాయి ఫూలే ఆధార్ యోజన. ఓబీసీ, వీజేఎన్‌టీ (విముక్త, సంచార జాతులు), ఎస్‌బీసీ (ప్రత్యేక వెనకబడిన వర్గాలు) పిల్లలకు, హాస్టల్ దొరకని వాళ్ళకు. పెద్ద ఊళ్ళలో 60 వేల దాకా. జిల్లాకు ఇంతమందే అని సంఖ్య పెడతారు కాబట్టి మెరిట్ లిస్టులో రావాలి. సిరొంచ అక్కా, చెల్లికి ఇది తప్పకుండా పెట్టు.

సిరొంచ_అక్క
ఇవన్నీ రాసుకుంటున్నా. నాన్న ఇప్పుడు వేరే ప్రశ్న వేశారు. డబ్బు ఆలస్యమైతే మొదటి ఏడాది హాస్టల్‌కి ఎవరిస్తారు, వడ్డీకి తేవాలా అని. మా ఊళ్ళో వడ్డీ నూటికి మూడు. బ్యాంకులో అడిగితే పొలం తాకట్టు పెట్టమన్నారట.

పాత_బ్యాంకు_కౌంటర్
నేను చంద్రపూర్ జిల్లాలో బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. అమ్మా, ముందు నాన్నగారికి ఇది చెప్పు. 4 లక్షల లోపు చదువు లోనుకు తాకట్టు అడగకూడదు. పొలమూ వద్దు, ఇల్లూ వద్దు, ఊళ్ళో పెద్దమనిషి సంతకమూ వద్దు. తల్లో తండ్రో సహ దరఖాస్తుదారుగా ఉంటే చాలు. 4 లక్షల దాకా మార్జిన్ డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా కేంద్ర ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉంది, బ్యాంకు నష్టపోయేది తక్కువే. "మీ ఊరు మా సర్వీస్ ఏరియాలో లేదు" అంటారు, ఆ కారణం చెప్పి తిప్పి పంపకూడదని ఆర్‌బీఐ 2012లోనే సర్క్యులర్ ఇచ్చింది. నోటితో కాదంటే కాగితం మీద కారణం రాసివ్వమనండి. చాలాసార్లు ఆ ఒక్క మాటతోనే ఫైలు కదులుతుంది. దరఖాస్తు పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి. కౌంటర్‌లో ఇచ్చిన కాగితానికి సాక్ష్యం ఉండదు, పోర్టల్‌లో పెట్టినదానికి నంబరు ఉంటుంది.

నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకులో సుమారు 10 శాతం అనుకుందాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళకు 4 లక్షలు తీసుకుంటే, చదువు నాలుగేళ్ళు, ఆపై ఒక ఏడాది కిస్తీ ఉండదు కానీ వడ్డీ నడుస్తుంది. మొదటి లక్షకు ఐదేళ్ళ వడ్డీ 50 వేలు, రెండోదానికి 40, మూడోదానికి 30, నాలుగోదానికి 20. మొత్తం 1 లక్షా 40 వేలు. అసలుకు కలిసి 5 లక్షల 40 వేలు అవుతుంది, పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 7,100. అదే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టుకుంటూ పోతే అసలు 4 లక్షలే మిగులుతుంది, కిస్తీ 5,300 దగ్గర ఆగుతుంది. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 833 రూపాయలు. మిర్చి అమ్మిన చేతులతో ఏడాది వడ్డీ ఒకేసారి కట్టేసిన రైతులను చూశాను.

మీకు అది కూడా కట్టాల్సిన పని ఉండకపోవచ్చు. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు, వృత్తి లేదా సాంకేతిక కోర్సు, కాలేజీకి న్యాక్ లేదా కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు, ఈ మూడూ ఉంటే ఆ వ్యవధి వడ్డీ మొత్తం కేంద్రమే కడుతుంది. దాన్ని సీఎస్ఐఎస్ అంటారు. అందుకే ఆప్షన్ ఫారంలో కాలేజీ పెట్టేముందు న్యాక్, ఎన్‌బీఏ ఉన్నాయా చూడమంటున్నా. గుర్తింపు లేని కాలేజీలో సీటు తీసుకున్నారా, వడ్డీ సాయం పోయినట్టే. సబ్సిడీ కావాలని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ప్రతి ఏడాది చదువు కొనసాగుతోందని కాలేజీ పత్రం కూడా ఇవ్వండి.

2024 నవంబరులో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం గురించి పేపర్లో చదివి చాలామంది అడుగుతున్నారు. అది ర్యాంకింగ్‌లో ఉన్న కాలేజీలకు, మొదలుపెట్టినప్పుడు 860. ఆ జాబితాలో ఉన్న చోట సీటు వస్తే హామీదారు కూడా అక్కర్లేదు. 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు 10 లక్షల దాకా లోనుపై వడ్డీలో 3 శాతం తగ్గిస్తారు. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునే వాళ్ళకు ఆ తగ్గింపు ఇవ్వరు. మీ చెల్లికి ఫీజు మాఫీనే లాభం.

రాజురా_కాపు
సార్, ఫీజు మాఫీ ఉన్న పిల్లకు 4 లక్షల లోను ఎందుకు?

పాత_బ్యాంకు_కౌంటర్
అంత అక్కర్లేదు. ఫీజు మాఫీ అయితే హాస్టల్, మెస్, లాప్‌టాప్, పుస్తకాలు, ప్రయాణం, వీటికి సరిపడా అడగాలి. లోనులో ఇవన్నీ వస్తాయి. మంజూరు పెద్దదే చేయించుకుని ఏడాదేడాదికి కావలసినంతే తీసుకోవచ్చు. తీసుకున్నదానికే వడ్డీ.

మంచిర్యాల_బ్యాచ్
కేంద్రానివి ఇంకో రెండు ఉన్నాయి, రాష్ట్రంతో సంబంధం లేనివి. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకు, ఏడాదికి 50 వేలు, ఆదాయం 8 లక్షల లోపు. రెండోది సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్, బారావీ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉన్నవాళ్ళకు, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు, డిగ్రీ మూడేళ్ళు ఏడాదికి 12 వేలు, ఆపై 20 వేలు. రెండూ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. కానీ ఒక ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఇంకోటి తీసుకోకూడదని వీటిలో షరతు ఉంటుంది. ఫీజు మాఫీతో కలిపి పెట్టొచ్చా లేదా అని కాలేజీ స్కాలర్‌షిప్ గుమాస్తాతో ముందే మాట్లాడుకోండి, తర్వాత రికవరీ నోటీసు రావడం కంటే అది మేలు.

దెగ్లూర్_నాకా
మంజూరైన డబ్బు చేతికి రాక ఏడ్చిన పిల్లలను చూశాను కాబట్టి ఇది చెప్తున్నా. డీబీటీ డబ్బు, అంటే ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసేది, మీరు ఫారంలో రాసిన అకౌంటుకు రాదు. ఆధార్‌కు చివరగా ఏ అకౌంటు లింకైందో దానికి వస్తుంది. మా మేనకోడలికి స్కూల్లో ఉన్నప్పుడు జీరో బ్యాలెన్స్ అకౌంటు తీశారు. కాలేజీకి వచ్చాక వేరే బ్యాంకులో తీసింది, కానీ ఆధార్ పాతదానికే ఉంది. వాడకపోవడంతో పాతది స్తంభించిపోయింది. డబ్బు పంపారు, తిరిగి వెళ్ళింది, మళ్ళీ పంపలేదు. ఆ పిల్ల పాస్‌బుక్ పట్టుకుని రెండు బ్యాంకుల మధ్య తిరుగుతుంటే ఒకరు "మాకు రాలేదు" అంటారు, ఒకరు "మీ అకౌంటు లేదు" అంటారు. చివరికి కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం నింపిస్తే తెగింది.

అందుకని దరఖాస్తుకు ముందే బ్యాంకుకు వెళ్ళి ఆధార్ ఏ అకౌంటుకు సీడ్ అయిందో అడగండి. మహాడీబీటీలో డబ్బు మంజూరయ్యాక లాగిన్ అయి రిడీమ్ నొక్కాల్సి ఉంటే నొక్కండి. కాలేజీ గుమాస్తా "సెండ్ బ్యాక్" చేసిన ఫారాలు నెలల తరబడి అలాగే పడి ఉంటాయి, పిల్లలు మళ్ళీ తెరిచి చూడరు. ప్రతి ఏడాది రెన్యూవల్ కూడా విడిగా పెట్టాలి, దానంతటది కొనసాగదు.

సిరొంచ_అక్క
ఇవాళ సేతుకు పోయి మూడు దాఖలాలకూ పెట్టాం. క్యాప్ రిజిస్ట్రేషన్ ఓబీసీగానే చేశాం, రసీదులు అప్‌లోడ్ చేశాం. పెదనాన్న కొడుకు వ్యాలిడిటీ జిరాక్స్ ఇచ్చాడు. మాస్టారూ, మీరన్నట్టే చెల్లి స్కూలు దాఖలాలో ఇంటిపేరుకు "వార్" ఉంది, అన్నయ్య వ్యాలిడిటీలో లేదు.

నాన్నకు బ్యాంకు సార్ లెక్క చదివి వినిపించాను. 833 దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. ఆ మనిషికి ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. ఆయన ఇప్పుడు 25 వేలకే సీటు ఇస్తానంటున్నాడు.

కిన్వట్_మాస్టారు
ఫోన్ ఎత్తకండి. పేరు తేడాకు కంగారు పడొద్దు. నాన్నగారి స్కూలు ప్రవేశ రిజిస్టర్ నకలు తీయించండి. ఆయన పేరూ వాళ్ళన్నయ్య పేరూ అందులో ఎలా ఉన్నాయో చూసి, రెండు పేర్లూ ఒకే కుటుంబానివని తహసీల్‌లో అఫిడవిట్ చేయించండి. నకలు మీద హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర, రిజిస్టర్ నంబరు మూడూ ఉండాలి. నంబరు లేని నకలును కమిటీ వెనక్కి పంపుతుంది.

బల్లార్షా_కాలనీ
మాస్టారూ, నాన్న మిల్లు సర్వీస్ సర్టిఫికెట్ డొమిసైల్‌కు పనికొస్తుందా?

కిన్వట్_మాస్టారు
జతకు పెట్టండి. తమ్ముడు ఇక్కడే పుట్టాడు కాబట్టి ముఖ్యమైనవి అతని జనన దాఖలా, స్కూలు దాఖలా. రేషన్ కార్డు, కరెంటు బిల్లు కూడా తీసుకెళ్ళండి. సేతులో ఏది తక్కువైతే అది అక్కడే చెప్తారు. సోమవారం రద్దీగా ఉంటుంది, మంగళవారం పొద్దున్నే పోండి.